లియొనార్డో డా వించి – వెలుగు నీడలు

ఇటలీ దేశమున టస్కనీ యను సీమ కలదు. ఆ సీమలో కొండల నడుమ వించి యను చిన్న గ్రామమున్నది. ఆ గ్రామ సమీపమున 1452వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన లియొనార్డో జన్మించెను. డా వించి యనగా వించి గ్రామమునకు చెందినవాడని యర్థము. మన తెలుగువారిలో పెక్కుమందికి పూర్వుల ఊరిపేరే ఇంటిపేరైనట్లు ఆ బాలునకును పుట్టిన యూరే పేరులో నిలిచినది.

తండ్రి పీరో ఫ్లారెన్సు నగరమున దస్తావేజులు వ్రాయు ఉద్యోగి. ఆ వంశములో తరతరములుగా అదియే వృత్తి. తల్లి కతెరీనా పేదరాలు. వారిద్దరికిని వివాహము జరుగలేదు. అట్టి దంపతులకు కలిగిన బిడ్డలకు తండ్రి వృత్తిలో ప్రవేశించు హక్కు ఆనాటి కట్టుబాట్ల ప్రకారము లేకుండెను. అందుచేత లియొనార్డోను లాటిను పాఠశాలకు పంపలేదు. కొంచెము చదువుట, వ్రాయుట, లెక్కలు మాత్రము నేర్చెను. లాటిను రానివానిని పండితుడని యెవరును గౌరవింపని కాలమది. ఈ లోపము జీవితాంతము అతనిని బాధించినది. పుస్తకములు చదివినవారు తన్ను చులకన చేయుచుండగా, తాను చదువదగిన పుస్తకము ప్రకృతియే యని అతడు నిశ్చయించుకొనెను. ఆ పుస్తకము చదువుటకు కావలసినది లాటిను కాదు, ఓపిక గల కన్ను.

అతడు ఎడమచేతివాటము వాడు. ఎడమచేతితో కుడినుండి ఎడమకు వ్రాయుచుండెను. అతని వ్రాతను అద్దములో చూచినచో గాని సులభముగా చదువ వీలుపడదు.

బాలునకు బొమ్మలు వ్రాయుటయందు గల ఆసక్తిని గమనించి, ఇంచుమించు పదునాలుగేండ్ల వయస్సున తండ్రి అతనిని ఫ్లారెన్సులో వెరోక్కియో యను శిల్పాచార్యుని కార్యశాలలో చేర్చెను. కార్యశాల యనగా నేటి పాఠశాల వంటిది కాదు. అచట చిత్రములు వ్రాయుదురు, కంచు విగ్రహములు పోతపోయుదురు, పాలరాతిని చెక్కుదురు, బంగారు పని చేయుదురు. ఫ్లారెన్సు మహాదేవాలయ శిఖరముపై 1471లో ఎక్కించిన పెద్ద రాగి గోళమును చేసినది ఆ కార్యశాలయే. శిష్యులు రంగులు నూరవలెను, పలకలకు పూత పూయవలెను, కుంచెలు కట్టవలెను. ఆ పనులలో చేయి తిరిగిన పిమ్మటనే గురువు చిత్రలేఖనము చేయనిచ్చును.

అచట లియొనార్డో చేసిన అభ్యాసమొకటి తెలిసికొనదగినది. మట్టితో మనుష్యాకారము నొకదానిని చేసి, మెత్తని పాతబట్టను పలుచని బంకమట్టి నీటిలో ముంచి, ఆ బొమ్మపై కప్పుచుండెను. బట్ట ఆరగనే మడతలు చెదరక గట్టిపడి నిలిచిపోవును. పిదప దానిని ఎదుట నుంచుకొని, సన్నని నారబట్టపై కుంచెతో నలుపు తెలుపులు మాత్రమే వాడి ఆ మడతలను చిత్రించుచుండెను. ఇందు ముఖము లేదు, చేతులు లేవు, అందమైన రంగులు లేవు. ఉన్నదంతయు బూడిదవన్నె గల గుడ్డ యొకటి. అందులో ఒక మడత పైకి ఉబ్బినట్లును, వేరొకటి లోనికి క్రుంగినట్లును మనకు తెలియుచున్నదనిన, దానికి కారణము వెలుగు నీడలు తప్ప మఱియొకటి కాదు. రంగు నంతయు తీసివేసి, వెలుగు నీడలను మాత్రము మిగిల్చి, వాటిని చూచుటకు కంటిని అలవరచుట ఈ అభ్యాసములోని రహస్యము. ఆ చిత్రములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. ఐదువందల యేండ్లు దాటినను, చేయి చాచిన మడత చేతికి తగులునా యనిపించును.

డ్రాయింగు తరగతిలో బంతిని వ్రాయుమనిన పిల్లలు ఏమి చేయుదురు? ముందు గుండ్రని గీత గీయుదురు. తరువాత పెన్సిలుతో ఒక ప్రక్కను నల్లగా రుద్దుదురు. ఆ నలుపు ఏ ప్రక్కనుండవలెను, ఎంత దూరము వ్యాపింపవలెను, ఎచట అంతము కావలెను అను ప్రశ్నలు వారికి తోచవు. నీడ యనునది బొమ్మ పూర్తియైన తరువాత పైన పూయు అలంకారమని వారి తలంపు. లియొనార్డో దీనికి సరిగా వ్యతిరేకమైన త్రోవను పోయెను. వెలుగు ఎచటనుండి వచ్చుచున్నదో తెలిసినగాని ఆకారమును గూర్చి అతడు ఆలోచింపడు.

1472లో అతని పేరు ఫ్లారెన్సు చిత్రకారుల శ్రేణిలో నమోదయ్యెను. గురువు వ్రాయుచుండిన క్రీస్తు స్నాన చిత్రములో ఒక దేవదూతను శిష్యుడు చిత్రించెను. దానిని చూచి గురువు సిగ్గుపడి, మఱల రంగులు ముట్టలేదని వాసారి యను చరిత్రకారుడు వ్రాసెను. గొప్పవారి బాల్యమును గూర్చి ఇట్టి కథలు పుట్టుట సహజము. కథ నటుంచి బొమ్మనే చూచినను తేడా తెలియును. గురువు వ్రాసిన ఆకృతులకు అంచులు కత్తితో కోసినట్లున్నవి. శిష్యుని దేవదూత చెంపపై వెలుగు ఎచట ముగిసినదో, నీడ ఎచట మొదలైనదో వ్రేలు పెట్టి చూపలేము.

1482 ప్రాంతమున లియొనార్డో ఫ్లారెన్సు విడిచి మిలాను నగరము చేరెను. విడుచునాటికి సన్యాసుల మఠమొకదానికొఱకు 1481లో ఆరంభించిన పెద్ద చిత్రమొకటి సగములో నిలిచిపోయెను. పని ఆరంభించుట, సగములో విడుచుట అతని స్వభావములోని పెద్ద లోపము. పలువురు దాతలు అతనిపై విసిగికొనిరి, వారిని తప్పుపట్టలేము. మిలాను పాలకుడు లుడోవికోకు అతడు సిద్ధపరచిన లేఖలో వంతెనలు, ఫిరంగులు, యుద్ధశకటములు చేయగలనని విస్తారముగా వ్రాసి, చిత్రలేఖనమును చివర మాత్రమే పేర్కొనెను. పాలకుడు తన తండ్రి జ్ఞాపకార్థము గుఱ్ఱముపై నెక్కిన బ్రహ్మాండమైన కంచు విగ్రహమును చేయుమని అతనికి అప్పగించెను. ఏండ్లు గడచినవి. మట్టి నమూనా 1493లో సిద్ధమైనది. దానికై కూర్చిన కంచు మఱుసటి యేట ఫిరంగులకు పోయినది.

ఆ మిలానులోనే, 1490 ఏప్రిలు 23వ తేదీన లియొనార్డో ఒక క్రొత్త నోటుపుస్తకము తెరచి, ఆనాడు దానిని ఆరంభించుచున్నట్లును, గుఱ్ఱపు పనిని మఱల చేపట్టుచున్నట్లును వ్రాసికొనెను. ఆ పుస్తకము వెలుగు నీడలకు సంబంధించినది. అంతవరకు చిత్రకారులు గురువు చేయు పనిని చూచి నీడలు వేయ నేర్చుచుండిరి. నీడ ఎందుకట్లు పడుచున్నదని గణితశాస్త్రజ్ఞుని వలె ప్రశ్నించి, దీపములు, గోళములు, గోడలు, కిటికీలు పెట్టి, గీతలు గీసి సమాధానము వెదకుటకు పూనుకొన్న చిత్రకారులలో అతడు అగ్రగణ్యుడు.

అతడు కనుగొన్న వాటిలో కొన్నిటిని మీరును స్వయముగా చూడవచ్చును. పగటివేళ, ఒకే కిటికీ తెరచియున్న గదిలో తెల్లని కాగితము పరచి, దానిపై తెల్లని బంతి నొకదాని నుంచుడు. బంతిలో కిటికీ వైపునకు సూటిగా తిరిగిన భాగము మిక్కిలి వెలుగుచుండును. అచటినుండి తలము ప్రక్కకు ఒరిగిన కొలదియు దానిపై పడు వెలుగు ఏటవాలై తగ్గిపోవును. కిరణము తలముపై నిటారుగా పడినచో వెలుగు హెచ్చు, వాలుగా పడినచో తక్కువ. ఈ తగ్గుదల మెట్లు దిగినట్లు కాక, ఏటిగట్టు వాలువలె క్రమముగా జరుగును. కావుననే బంతి గుండ్రనిదని మనకు తెలియుచున్నది. అదే స్థానమున నలుచదరపు పెట్టె నుంచినచో వెలుగు ఒక అంచువద్ద హఠాత్తుగా తెగిపోవును. క్రమముగా మారు నీడ వంపును తెలుపును. తటాలున మారు నీడ కోణమును తెలుపును.

ఇపుడు బంతి యొక్క నీడభాగమును జాగ్రత్తగా చూడుడు. కిటికీకి దూరముగా నున్న కొస అంచే అన్నిటికంటె నల్లగా ఉండునని ఎవరైనను అనుకొందురు. కాని అట్లు కాదు. మిక్కిలి నల్లని పట్టె ఆ అంచునకు కొంచెము ఇవతల నుండును. అంచువద్ద నీడ మఱల కొంత పలుచబడును. క్రింద పరచిన తెల్లకాగితముపై పడిన వెలుగు పైకి మరలి, బంతి యడుగున తగులుచుండుటయే దీనికి కారణము. కాగితము తీసి నల్లగుడ్డ పరచినచో ఆ మెరుపు దాదాపు మాయమగును. ఎఱ్ఱగుడ్డ పరచినచో నీడలోనికి ఎఱ్ఱదనము ప్రవేశించును. ఈ మరలిన వెలుగును గూర్చి లియొనార్డో పదే పదే వ్రాసెను. నీడ యనగా వట్టి నలుపు కాదనియు, చుట్టునున్న వస్తువులన్నియు దానిలో తమ వన్నెను కొంత కలుపుచుండుననియు అతడు గ్రహించెను. సాయంకాలపు పసుపుపచ్చని యెండలో తెల్లగోడపై పడిన నీడ నీలివన్నెగా నుండుటను గూడ గమనించెను. ఎండ తగులని చోట ఆకాశపు నీలివెలుగే పడుచున్నది గదా!

నీడలను అతడు రెండుగా విభజించెను. వస్తువు ఒంటిపైననే అంటియుండు నీడ మొదటిది. ఆ వస్తువు వెలుగును అడ్డగించుటవలన నేలమీదనో గోడమీదనో పడు నీడ రెండవది. చిన్న దీపము ముందు చేయి అడ్డము పెట్టిన గోడపై నీడ అంచు స్పష్టముగా నుండును. పెద్ద కిటికీ వెలుగున అదే చేతినీడ అంచులు చెదరిపోవును. కిటికీలోని ఒక భాగమునుండి వెలుగు ఆగిన చోటికి, వేరొక భాగమునుండి వెలుగు వచ్చి పడుటయే అందుకు కారణము. అందుచేత నడుమ దట్టమైన నీడయు, దాని చుట్టు పలుచని నీడయు ఏర్పడును. మీరు విజ్ఞానశాస్త్రములో గ్రహణములను గూర్చి చదువునపుడు కనబడు పటములకును, లియొనార్డో పుస్తకములోని పటములకును భేదము స్వల్పము.

వీటన్నిటినుండి అతడు చిత్రకారులకు గొప్ప సంగతి నొకదానిని చెప్పెను. ప్రకృతిలో గీత లేదు. బంతి చుట్టును ఎవరును గీత గీయలేదు. ఒక వెలుగు ముగిసి వేరొక వెలుగు మొదలగు చోటునే మనము గీతయని భ్రమించుచున్నాము. కావున నీడలు గాలిలో కలిసిపోవు పొగవలె అంచులేక కరగిపోవలెనని అతని మతము. ఇటలీ భాషలో పొగనుండి పుట్టిన మాటయే ఈ పద్ధతికి పేరై స్ఫుమాటో యని నిలిచినది.

మన దేశమున విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము నీడలు వేయుటను వర్తన యని పేర్కొని, ఆకు ఈనెలవంటి గీతలతోను, చుక్కలతోను వేయు విధములను చెప్పినది. అజంతా గుహల గోడలమీద ఒంటికి గుండ్రదనము కల్పించు నీడలు నేటికిని కానవచ్చును. ఆ నీడలు చాలవరకు ఒక కిటికీనుండి వచ్చు వెలుగును అనుసరించి వేసినవి కావు. అవయవపు నునుపును, పుష్టిని తెలుపుటకు వేసినవి. ఆ త్రోవ వేరు, లియొనార్డో త్రోవ వేరు. ఒకదానితో ఒకటి కొలిచి హెచ్చుతగ్గులు నిర్ణయించుట నాకు ఉచితముగా తోపదు.

ముఖములను చిత్రించుటకు అతడు మిట్టమధ్యాహ్నపు ఎండను ఇష్టపడలేదు. తీక్ష్ణమైన యెండ ముఖముపై మోటైన నీడలు పరచును. మబ్బు పట్టిన దినమున గాని, సంధ్యవేళ గాని వీధిలో పోవువారి ముఖములు ఎంత మృదువుగా కనబడునో చూడుమని అతడు సలహా వ్రాసెను. అందుకై గోడలకు నల్లరంగు పూసిన చిన్న ముంగిలిని ఏర్పరచుకొని, ఎండగా నున్నపుడు పైన గుడ్డ పందిరి లాగవలెనని గూడ సూచించెను.

మిలానులోని ఒక మఠపు భోజనశాల గోడపై 1495 ప్రాంతమున ఆరంభించి 1498 నాటికి ముగించిన చిత్రము క్రీస్తు తుదివిందు. ఆ శాలకు ఎడమప్రక్క నిజమైన కిటికీలున్నవి. చిత్రములోని మనుష్యులపై పడు వెలుగును గూడ ఎడమనుండియే వచ్చునట్లు వ్రాసి, గోడపైనున్న గదియు, సన్యాసులు భుజించు గదియు ఒక్కటే యను భ్రమను అతడు కలిగించెను. కాని ఇచటనే అతనికి పెద్ద దెబ్బ తగిలెను. గోడచిత్రములను తడిగచ్చుపై, గచ్చు ఆరకముందే త్వరగా వ్రాయవలెను. నీడలను మెల్లగా, పొరపై పొరగా కరగించువానికి త్వరపడుట సాధ్యమా? అతడు పొడిగోడపై వ్రాసెను. ఒక్కొక్కనాడు కుంచె ముట్టక గంటల తరబడి చూచుచు నిలిచి పోవుచుండెనట. రంగు గోడను పట్టలేదు. అతడు జీవించియుండగనే పెచ్చులు రాలుట ఆరంభమైనది. 1943లో యుద్ధకాలపు బాంబు పడి ఆ శాలలో చాలభాగము కూలినను, ఇసుకమూటలు అడ్డుపెట్టిన ఆ గోడ నిలిచెను. ఇరువది యేండ్లకు పైగా సాగిన మరమ్మతు 1999లో ముగిసినది.

1499లో ఫ్రెంచివారు మిలానును పట్టుకొనిరి. వారి విలుకాండ్రు ఆ మట్టిగుఱ్ఱమును గురిచేసి బాణములు వేసి ఆడుకొనిరట. లియొనార్డో నగరము విడిచెను. మిత్రుడైన లూకా పాచోలి యను గణితశాస్త్రవేత్త గ్రంథమునకై అతడు ఘనాకారములను చిత్రించియుండెను. అనేక ముఖములు గల ఆ ఘనములు తీగలతో వ్రేలాడుచున్నట్లును, ప్రతి ముఖమును వెలుగు ననుసరించి వేరువేరు ఛాయలలో నున్నట్లును అందు కనబడును. ఆ గ్రంథము 1509లో వెనిసు నగరమున అచ్చయినది. మన విజయనగరమున శ్రీకృష్ణదేవరాయలు సింహాసన మెక్కిన సంవత్సరమే అది.

ఫ్లారెన్సునకు తిరిగివచ్చి, 1503 ప్రాంతమున ఒక వర్తకుని భార్య చిత్తరువును అతడు ఆరంభించెను. అదియే మోనాలిసా. ఆ స్త్రీ చిరునవ్వును గూర్చి లోకమున కథలు పెక్కు. అందలి రహస్యము చాలవరకు నీడలోనే కలదు. నవ్వును తెలుపు చోట్లు నోటి కొసలును, కంటి కొసలును. సరిగా ఆ చోట్లనే లియొనార్డో గీతను పూర్తిగా తొలగించి, నీడను పొగవలె విడిచెను. 2010లో శాస్త్రజ్ఞులు కిరణముల సహాయమున అతని చిత్రములలోని ముఖములను పరీక్షించి, నీడభాగములందు పలుచని పూతలు అనేకము ఒకదానిపై నొకటి యున్నవనియు, ఒక్కొక్క పూత మిల్లీమీటరులో వెయ్యవవంతులు కొన్ని మాత్రమే యనియు చెప్పిరి. కుంచె జాడ అందు కానరాదు. ఆ చిత్రమును అతడు వర్తకునకు ఈయనేలేదు. చివరిదాక తనవద్దనే యుంచుకొనెను.

వెలుగు నీడల విద్య అతనికి చిత్రములు వ్రాయుటకు మాత్రమే ఉపయోగపడలేదు. మానవ శరీరము లోపల ఎట్లున్నదో తెలిసికొనగోరి అతడు శవములను కోసి పరీక్షించెను. ఫ్లారెన్సు ఆసుపత్రిలో నూరేండ్లు దాటినవాడనని చెప్పిన వృద్ధు డొకడు ప్రశాంతముగా మరణింపగా, ఆ శరీరమును కోసి, మూసికొనిపోయిన రక్తనాళములను గుర్తించెను. శవములను చల్లగా నిలువచేయు సాధనములు లేని కాలమది. ఆ దుర్గంధము మధ్య, రాత్రివేళ పనిచేయుట ఎంత కష్టమో ఊహింపుడు. కపాలమును నిలువున కోసి 1489లో అతడు వ్రాసిన పటములలో, ఎముక గుంతలు ఎంత లోతో సన్నని గీతల నీడలే చెప్పుచున్నవి. ఆ గీతలు పై ఎడమనుండి క్రింది కుడికి వాలియుండును. ఎడమచేతితో సహజముగా వచ్చు వాలు అది. ఒక చిత్రము అతనిదా, కాదా యని నిర్ణయించుటకు పండితులు నేటికిని ఆ వాలును చూతురు.

అట్లే ఆకాశమునకును ఆ విద్య ప్రాకినది. విదియ, తదియ నాళ్ల నెలవంకను చూడుడు. వెలుగుచున్న వంక గాక, మిగిలిన చంద్రబింబము గూడ బూడిదవన్నెలో మసకగా కనబడును. ఆ వెలుగు ఎచటిది? బంతి నీడభాగమున కాగితపు వెలుగు మరలినట్లే, సూర్యకాంతి భూమిపై పడి, మరలి చంద్రుని చీకటి భాగమున తగులుచున్నదని లియొనార్డో వ్రాసికొనెను. చంద్రునిపై సముద్రములున్నవని భావించుటలో అతడు పొరబడినను, మూలకారణమును మాత్రము సరిగా పట్టుకొనెను. గెలీలియో ఈ విషయమును 1610లో అచ్చువేసి లోకమునకు తెలిపెను. దానికి ఇంచుమించు నూరేండ్లకు పూర్వమే వ్రాసిన లియొనార్డో పుటలను చదివినవారు లేరు.

ఇదియే అతని జీవితములోని విషాదము. తాను చూచినదంతయు వ్రాసెను. ఒక్క గ్రంథమైనను ముగింపలేదు. నేటికి మిగిలిన పుటలు ఇంచుమించు ఏడువేలు. వెలుగు నీడలను గూర్చిన మాట ఒకచోట, పక్షుల రెక్కలను గూర్చినది ఆ ప్రక్కనే, ఇంటి ఖర్చు దాని క్రింద! సర్దుటకు రేపు సమయము దొరకునని అతడు ఏండ్ల తరబడి నమ్మెను.

1516లో ఫ్రాన్సు దేశపు రాజు మొదటి ఫ్రాన్సిసు ఆహ్వానముపై వృద్ధుడైన లియొనార్డో ఆ దేశమునకు తరలెను. ఆంబ్వాజు నగరమున రాజు అతనికి ఒక భవనమును, వేతనమును ఏర్పరచెను. 1517 అక్టోబరులో అతనిని చూడవచ్చిన అతిథులు అచట మూడు చిత్రములను చూచిరి. కుడిచేతికి పక్షవాతము వచ్చినదనియు, పూర్వమువలె రంగులు వేయ లేకున్నను బొమ్మలు గీయుటయు, శిష్యులకు నేర్పుటయు మానలేదనియు వారిలో ఒకరు తమ దినచర్యలో వ్రాసికొనిరి. 1519 మే 2వ తేదీన లియొనార్డో మరణించెను. రాజు ఒడిలో ప్రాణము విడిచెనని చెప్పుట కట్టుకథ.

కాగితములన్నియు ఫ్రాన్సెస్కో మెల్జి యను ప్రియశిష్యునకు చేరినవి. అతడు వాటిని ఇటలీకి కొనిపోయి, తిరుగవ్రాతతో కుస్తీపట్టి, చిత్రలేఖనమునకు సంబంధించిన భాగములను ఏరి, ఒక గ్రంథముగా కూర్చెను. మెల్జి పోయిన తరువాత అతని కుటుంబమువారికి ఆ కాగితముల విలువ తెలియలేదు. పెక్కు చేతులు మారి దేశదేశములకు చెదరిపోయినవి. మెల్జి కూర్చిన గ్రంథపు సంక్షిప్త ప్రతులే చిత్రకారుల చేతులలో తిరిగి, తుదకు 1651లో పారిసు నగరమున అచ్చయినవి. లియొనార్డో పోయి అప్పటికి నూట ముప్పదిరెండేండ్లు.

1490 ఏప్రిలులో ఆరంభించిన ఆ వెలుగు నీడల పుస్తకము 1796లో నెపోలియను సేనలతో మిలానునుండి పారిసు చేరెను. నేటికిని అది అచటి ఫ్రెంచి విద్వత్పరిషత్తు గ్రంథాలయమున భద్రముగా నున్నది. తెరచి చూచినచో దీపములు, గోళములు, వాటినుండి విసనకఱ్ఱవలె విచ్చుకొను నీడల గీతలు కనబడును. ప్రక్కనున్న వ్రాత చదువుటకు మాత్రము అద్దము కావలెను.